అవ్వా అని పిలిచిన ఆదివారం

ఎల్లవ్వ మీద కోపంతో ఈ వారం నాకు పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఆర్మూర్ నుంచి ఒక పాఠకురాలైతే "కన్నబిడ్డతో ఏ తల్లీ అలా అనదు, ఇదంతా మీ కల్పన" అని నన్నే దులిపేసింది. అమ్మా, ఇందులో నా తప్పేముంది? ఆమె అంది, నేను రాశాను.

పోయిన సంచిక చేతికందని వాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. అది 1962 ఫిబ్రవరి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ రాత్రీ పగలూ చెరుకు నలుపుతున్న రోజులు. ఫ్యాక్టరీలో బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసే ఏసుదానం కూతురు సాయవ్వకు పదిహేడేళ్లు. ఏటా క్రిస్మస్ నాటికల్లో దేవదూత వేషం కట్టి కట్టి, చివరికి ఫ్యాక్టరీ క్లబ్బు వాళ్ల నాటకంలో కథానాయిక అయింది. తండ్రి మురిసిపోయాడు. మూడు నెలల పాటు రిహార్సల్సుకు తనే వెంటబెట్టుకుని వెళ్లి, ఇంట్లో మాత్రం "గుడిల పాటల ప్రాక్టీసు" అని చెబుతూ వచ్చాడు. ఆ అబద్ధం బయటపడిన రోజున తల్లి ఎల్లవ్వ మండిపడింది. మెథడిస్టు గుడిలో దేవదూతగా నిలబడటం వేరు, టికెట్టు కొన్న జనం ముందు నిలబడటం వేరు అని ఆమె లెక్క.

"నువ్వు గా ఇస్టేజి ఎక్కినవంటే ఇగ నన్ను అవ్వా అని పిలువకు," అంది.

సాయవ్వ రిహార్సల్సు మానలేదు. పిలవడం మానేసింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లు ఏసుదానం మీదుగానే మాట్లాడుకున్నారు. "బాపూ, ఉప్పు యాడ పెట్టిందో అడుగు." "పొయ్యి పక్కకే ఉందని చెప్పు." ముగ్గురూ కూర్చున్నది ఒకటే గదిలో. పాపం ఆయన అటు తిరిగి చెప్పి, ఇటు తిరిగి చెప్పి, అన్నం చల్లారాక తినేవాడు.

ఈ సాయవ్వే తర్వాత ఎంత పెద్ద నటి అయిందో, ఏ పేరుతో గోడల మీదికెక్కిందో మొదటి వారమే చెప్పాను. మద్రాసులో పత్రికల వాళ్లు మొదటి నాటకం గురించి అడిగినప్పుడల్లా ఆవిడ నవ్వి మాట మార్చేసేది. నేను మార్చను. ఆ ఆదివారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

నాటకం మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టారు. ఎందుకంటే మద్రాసు నుంచి ఒక సినిమా ప్రొడ్యూసరు వచ్చి ఉన్నాడు. చెరుకు తోటల్లో ఒక పాట తీయడానికి చోటు చూసుకుంటూ వచ్చిన మనిషిని క్లబ్బు వాళ్లు బతిమాలి కూర్చోబెట్టారు. ఆయన అయిదున్నరకు కారెక్కితేనే నిజామాబాద్‌లో సాయంత్రం రైలు దొరుకుతుంది. సాయవ్వ గొప్పతనమంతా రెండో అంకంలో ఉంది. అది అయిదున్నరలోపు అయితే పిల్లకు సినిమా తలుపు తెరుచుకుంటుందేమో. కాకపోతే మళ్లీ ఎప్పుడో, అసలు ఎప్పటికైనా తెరుచుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు.

నాటకం రాసిందీ, నేర్పిందీ, ఆడిస్తున్నదీ ఒక్కడే. ఫ్యాక్టరీ టైం ఆఫీసులో గుమాస్తా రాజారాం. నిజామాబాద్ మనిషి, కాని చదువు కోసం నాలుగేళ్లు బెజవాడలో ఉండి వచ్చాడు. సాయవ్వ చేత 'సూడు' బదులు 'చూడు' అనిపించాలని మూడు నెలలు కుస్తీ పట్టాడు. బుగ్గలో చెరుకు ముక్క పెట్టుకుని మాట చెప్పాలి, ముక్క కదలకూడదు, అదీ ఆయన పద్ధతి. సాయవ్వ మాట చెప్పేది, ముక్క నమిలేసేది. మూడు నెలలయ్యేసరికి నాలుక కొంత దారికొచ్చింది. పిల్ల మాత్రం కాస్త ఒళ్లు చేసింది.

తల్లి వేషానికి మన వైపు ఆడవాళ్లు ముందుకు రాలేదు. గుడివాడ నుంచి శ్యామలమ్మను పిలిపించారు. ఆవిడ స్టేజీ మీద పండిపోయిన నటి. వయసు ఇరవై తొమ్మిది. ఆరేళ్ల నుంచీ ఇరవై తొమ్మిదే. గుడ్డి తల్లి వేషమైనా సరే, తలకు తెల్ల విగ్గు పెట్టనని ముందే ఒప్పందం రాయించుకుంది. చెవుల దగ్గర రెండు వేళ్లతో పౌడరు రాసుకుంటుంది, అంతకు మించి ముసలితనానికి ఆవిడ చోటివ్వదు.

క్లబ్బు హాలు కిక్కిరిసి ఉంది. కుడివైపు కుర్చీల్లో ఫ్యాక్టరీ ఆఫీసర్లు, ఇంకా కోస్తా నుంచి వచ్చి వర్ని చుట్టుపక్కల భూములు కొని స్థిరపడిన రైతు కుటుంబాలు. ఎడమవైపు చాపల మీద మన వాళ్లు. వాళ్లలో సగం మంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. నాటకానికి వచ్చినా చాటలు ఒళ్లో పెట్టుకునే వచ్చారు, ఆకు కత్తిరిస్తూనే చూస్తారు. తెర తాడు పట్టుకునే ఉద్యోగం ఏసుదానానిది. బిడ్డను అందరికన్నా దగ్గర నుంచి చూడొచ్చని అడిగి మరీ తీసుకున్నాడు.

మొదటి అంకం చివర్లో కూతురు ఏడేళ్ల తర్వాత ఇల్లు చేరుతుంది. చూపు పోయిన తల్లి గుర్తుపట్టక "ఎవరమ్మా నువ్వు?" అంటుంది. అప్పుడు కూతురు కాళ్ల దగ్గర కూలబడి "అమ్మా" అని పిలవాలి. రాజారాం పుస్తకంలో ఉన్నది ఆ ఒక్క మాటే.

శ్యామలమ్మ చేతులు గాలిలో తడుముతూ అడిగింది. "ఎవరమ్మా నువ్వు?"

సాయవ్వ కూలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. రాజారాం పక్క నుంచి పెదవులు కదుపుతూ అందించాడు. ఆమె అటు చూడలేదు. పన్నెండు రోజులుగా గొంతులో ఆగిపోయి ఉన్న మాట ఏదో అదే బయటికి వచ్చింది.

"అవ్వా."

మళ్లీ పిలిచింది. "అవ్వా, నేనే అవ్వా."

ఎడమవైపు కత్తెరల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. కుడివైపు కుర్చీల్లో మాత్రం ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. తర్వాత వరసంతా. కోస్తాలో అవ్వ అంటే పళ్లూడిన ముసలమ్మ. శ్యామలమ్మ గుడ్డిదాని వేషంలో ఉన్నదల్లా కళ్లు పెద్దవి చేసి చూసింది.

అప్పుడే చాపల మధ్య నుంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది. ముఖం మీదికి కప్పుకున్న కొంగు జారిపోయింది.

"ఓ బిడ్డా, గీడనే ఉన్న బిడ్డా. ఏడ్వకు."

ఎల్లవ్వ. నాటకం చూడనని ఒట్టేసిన ఎల్లవ్వ. పొద్దున గుడి నుంచి ఇంటికి రాకుండా ఎక్కడికి పోయిందో తెలియక ఏసుదానం ఒంటరిగా గంజి తాగి వచ్చాడు. ఇప్పుడు భార్యను చూసి రెండు చేతులూ ఎత్తాడు. చేతుల్లో ఉన్నది తెర తాడు. తెర దబ్బున పడిపోయింది.

హాల్లో చప్పట్లు, నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి. ప్రొడ్యూసరు గడియారం చూసుకున్నాడు. నాలుగున్నర.

స్టేజీ వెనక క్యారమ్స్ ఆడుకునే గదిని మేకప్ గదిగా వాడుకుంటున్నారు. శ్యామలమ్మ అందులోకి దూసుకెళ్లి, అద్దం ముందు కూర్చుని, గుడ్డ తీసుకుని ముఖం మీద రంగు తుడవసాగింది. నాటకాల వాళ్లకు దీని అర్థం తెలుసు. రంగు తుడిస్తే ఇక ఆట లేదు.

"అమ్మా, దండం పెడతా, ఆ గుడ్డ కింద పెట్టండి," అన్నాడు రాజారాం.

"పెట్టను. ఆ పిల్ల తెర ముందుకొచ్చి అందరి ఎదుటా నా కాళ్లు పట్టుకుంటేనే పెడతాను. ఆ ప్రొడ్యూసరు గారు కూర్చుని ఉండగా నన్ను అంత మాట అంటుందా? ఆయన సినిమాలో వదిన వేషం ఖాళీ ఉందని తెలిసి ఇంత దూరం వచ్చానండీ నేను. ఇప్పుడు నాకు మిగిలేది బామ్మ వేషమే."

గుమ్మం దగ్గర సాయవ్వ నిలబడి ఉంది. ఆమె చెవుల్లో ఇంకా తల్లి గొంతే మోగుతోంది. శ్యామలమ్మ దేనికి మండిపడుతోందో ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

"అక్కా, నేను మొక్కుత. గాని ఏం తప్పు జేసిన్నో చెప్పుండ్రి."

"అవ్వా అన్నావా లేదా?"

"అన్న."

"నేను అవ్వనా?"

"నాటకంల అవ్వే కదక్కా."

"ఎవరికి అవ్వనే?"

"నాకే."

"నీకా? నీకు నేను అవ్వనా? రాజారాం గారూ, విన్నారా, మళ్లీ అంటోంది. పదిహేడేళ్ల దానికి అవ్వని కావాలంటే నాకు ఎన్నేళ్లుండాలో లెక్క వెయ్యండి."

రాజారాంకు రెండు తెలుగులూ వచ్చు. ఆ క్షణంలో మాత్రం ఏదీ రాలేదు. మూడు నెలలు చెరుకు ముక్కతో శ్రమపడి, ఆ ఒక్క మాటను మాత్రం దిద్దడం మరిచిపోయానే అని తనను తానే తిట్టుకుంటున్నాడు.

అంతలో ఎల్లవ్వ లోపలికి వచ్చింది. కూతురి వైపు చూడలేదు. నేరుగా శ్యామలమ్మ ముందుకు వెళ్లి నిలబడింది.

"చెల్లె, నీకు కోపమొచ్చిందంట."

ఆ 'చెల్లె' అన్న మాటకే శ్యామలమ్మ చేతిలో గుడ్డ కాస్త నెమ్మదించింది.

"నాకు గూడ కోపమొచ్చింది," అంది ఎల్లవ్వ. "గామాట నిన్ను అన్నదని నీ కోపం. నన్ను అనలేదని నా కోపం."

"ఏవిటమ్మా మీరనేది?"

"అవ్వ అంటే ముసలిది గాదు చెల్లె. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అంటం. నా బిడ్డ మాటలు నేర్సినప్పుడు మొదలు అన్న మాట గదే. పన్నెండు దినాలాయె, నన్ను పిలుస్త లేదు. నేనే వద్దన్న, నాదే తప్పు. గాని నాకు ఇయ్యాల్సిన పిలుపు దెచ్చి, ఊరందరు సూస్తుంటె నీకిచ్చింది. గందుకే లేసి నిలబడ్డ. కూసోబుద్ధి గాలె."

శ్యామలమ్మ గుడ్డను ఒళ్లో పెట్టుకుంది. సగం ముఖం తల్లిగా, సగం ముఖం తనదిగా ఉంది.

"మరి అమ్మ అని ఎవర్ని పిలుస్తారు?" అంది కొంచెం అనుమానంగా.

"మా పిల్ల అమ్మ అనేది మా అత్తను, ఊర్లె ఉంటది. పండ్లు లేవు, వక్క గూడ నూరి పెట్టాలె."

శ్యామలమ్మ రాజారాం వైపు తిరిగింది. "అయితే మీరు రాసినట్టే పిలిచి ఉంటే ఈ పిల్ల లెక్కలో నేను పళ్లు లేని ముసలిదాన్నా?"

"దాదాపు అంతే," అన్నాడు రాజారాం. అప్పటికి ఆయనకు మాట వచ్చింది.

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. శ్యామలమ్మ నవ్విన నవ్వుకు మాత్రం చెవుల దగ్గర పౌడరు రాలింది. ఆ నవ్వులో ఎల్లవ్వ కూడా కలిసింది గాని, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అప్పుడు మొదటిసారి కూతురి వైపు చూసింది.

"గంత మందిల గామాట ఎట్లొచ్చె నీకు?"

"యాద్ మర్సిన," అంది సాయవ్వ. "పుస్తకంల ఉన్నది యాద్ మర్సిన. ఎవరమ్మా నువ్వు అని అడుగంగనే నువ్వే అడిగినట్టాయె. దినాం పిలువబుద్ధయ్యేది. నోట్లెకొచ్చేది, మింగేది."

"ఇగ మింగకు. పిలువు."

"అవ్వా."

"ఆఁ బిడ్డా."

సాయవ్వ తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నటన కాదు కాబట్టి ముక్కు కూడా కారింది. ఎల్లవ్వ కొంగుతో తుడిచింది. ఆ కొంగుకు కూతురి ముఖం మీది రంగంతా అంటుకుంది. ఇన్ని రోజుల బరువు దిగిపోయి సాయవ్వకు ఒళ్లంతా తేలికైంది. ఇక రెండో అంకం లేకపోయినా ఫరవాలేదనిపించింది, ఒక్క నిమిషం పాటు.

ఆ నిమిషం గడవగానే శ్యామలమ్మ అద్దం వైపు తిరిగింది. "చూస్తూ నిలబడ్డారేం రాజారాం గారూ, రంగు డబ్బా ఇలా ఇవ్వండి. రెండో అంకంలో కూడా అవ్వా అనే పిలవాలి, చెబుతున్నా. అమ్మా అంటే ఒప్పుకోను. ఇంకోటి, మీరు ముందు మైకు దగ్గరకెళ్లి ఆ కుర్చీల వాళ్లకు అర్థం చెప్పి రండి."

రాజారాం తెర ముందుకెళ్లి గొంతు సవరించుకున్నాడు. "సభకు నమస్కారం. ఈ నాటకంలో అవ్వ అనగా తల్లి అని, శ్రీమతి శ్యామలమ్మ గారు తల్లి వేషము మాత్రమే ధరించియున్నారని, వారి వయసుకు దీనితో ఎట్టి సంబంధము లేదని మనవి." చాపల మీద వాళ్లు ఇంత చిన్న సంగతి చెప్పడానికి మైకు ఎందుకా అని ముఖముఖాలు చూసుకున్నారు. కుర్చీల వాళ్లు చప్పట్లు కొట్టారు.

రెండో అంకం గురించి నేను ఎక్కువ రాయను. చూసినవాళ్లు ఇప్పటికీ బోధన్‌లో ఉన్నారు, అడగండి. కూతురి ఒళ్లో తల్లి ప్రాణం పోయే ఘట్టంలో సాయవ్వ పదకొండుసార్లు అవ్వా అని పిలిచింది. పుస్తకంలో ఉన్నది నాలుగుసార్లే. ఒక్కో పిలుపు ఒక్కో తీరుగా ఉంది. కోపంగా, గారాబంగా, నిద్రలేపుతున్నట్టుగా. చివరిది దాదాపు వినిపించలేదు. ఇందాక నవ్విన వరసలో ఒక పెద్ద రైతు తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏసుదానం ఈసారి తాడును నడుముకు చుట్టుకుని నిలబడ్డాడు, తెర సరిగ్గా వేళకే దిగింది.

అయిదూ ఇరవైకి ప్రొడ్యూసరు మేకప్ గదికి వచ్చాడు. బక్కపలచని మనిషి, మాట తక్కువ. శ్యామలమ్మ చటుక్కున లేచి నిలబడింది. ఆయన ఆవిడకు నమస్కారం పెట్టి "మీ వదిన వేషం ఖాయం" అన్నాడు. ఆవిడ కుర్చీలో కూలబడింది. తర్వాత సాయవ్వ వైపు తిరిగాడు.

"నా సినిమాలో ఒక చెల్లెలి వేషం ఉందమ్మా. కథంతా ఆ పిల్ల మీదే నడుస్తుంది. ఆరు నెలలుగా వెతుకుతున్నాను, దొరకలేదు. నువ్వు చేస్తావా?"

సాయవ్వ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. జవాబు చెప్పింది ఎల్లవ్వ.

"మద్రాసుల మా మెథడిస్టు గుడి ఉన్నదా అయ్యా?"

"ఒకటి కాదమ్మా, చాలా ఉన్నాయి."

"పిల్లకాడ నేనుండచ్చునా?"

"మీరు ఉంటేనే తీసుకెళ్తాను. తల్లి తోడు లేని అమ్మాయిని నేను పెట్టుకోను."

ఎల్లవ్వ కూతురి వైపు చూసింది. "నేను వద్దన్నదాన్నే," అంది నెమ్మదిగా. "గాని ఇయ్యాల కూసోని సూసిన. నవ్వినోళ్లు గూడ ఏడిసిండ్రు. దేవుడిచ్చిన గొంతయ్యా ఇది, గుడిలనే దాసిపెట్టమని ఇయ్యలేదు. వస్తం."

రాజారాం గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. బహుశా దేవుడికి మొక్కుకుంటున్నాడు, అన్ని మతాల దేవుళ్లకూ. ప్రొడ్యూసరు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి తండ్రి సంతకం కావాలని, మిగతావన్నీ ఉత్తరాల్లో చూసుకోవచ్చని చెప్పాడు. బయట కారు హారన్ మోగింది.

అందరూ ఏసుదానం వైపు చూశారు. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. బిడ్డ కోసం గుడి పేరు చెప్పి మూడు నెలలు అబద్ధమాడిన మనిషి. అందరికన్నా ముందు కాగితం అందుకునేది ఆయనే అనుకున్నారు. ఆయన ఇంకా నడుముకు తాడు గుర్తులతో గుమ్మంలోనే ఉన్నాడు.

ప్రొడ్యూసరు కలం మూత తీసి అందించాడు.

"నేను పెట్ట," అన్నాడు ఏసుదానం.

కోస్తా చెవికి ఆ మాట సగంలో ఆగినట్టు వినిపించింది. ప్రొడ్యూసరు మిగతా సగం కోసం నవ్వు ముఖంతో కలం చాచి అలాగే నిలబడ్డాడు. మిగతా సగం లేదు. మన వైపు ఆ మాట అంతే. పెట్టను అని. సాయవ్వకు తెలుసు, ఎల్లవ్వకు తెలుసు.

"బాపూ," అంది సాయవ్వ.

"బోధన్ల ఆడుమన్న బిడ్డా," అన్నాడు ఆయన. "మద్రాసుకు పొమ్మన్ననా? నువ్వు ఆడుతుంటె నేను తాడు పట్టుకోని సూడాలనుకున్న. గంతే. గంతకన్న ఎక్కువ నేనెన్నడు కోరలే. మీరిద్దరు పోతె నేను ఎవల మొకం సూడాలె?"

ఇంత వరకూ ఆయన ఆ ఇంట్లో దేనికీ వద్దనలేదు. వద్దనడం చేతకాని మనిషి అని బంధువులు ఆటపట్టిస్తారు కూడా. బయట హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా.

ఎల్లవ్వ కూతురి చెయ్యి విడిపించుకుంది. రంగు అంటిన కొంగును నడుముకు చుట్టి బిగించింది. ప్రొడ్యూసరు చేతిలోంచి కలం తీసుకుంది, జీవితంలో ఎన్నడూ కలం పట్టని మనిషి, దాన్ని చెంచా పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకుని వెళ్లి భర్తకు ఎదురుగా నిలబడింది.

"నేనే ఆపలేకపోయిన దీన్ని," అంది. "ఇగ నువ్వెట్ల ఆపుతవో సూస్త."